కొత్త కుక్క, పాత పిల్లి, తాళం వేసిన ఇల్లు

దత్తత తెచ్చుకున్న కుర్ర కుక్క, ఇంట్లో ముందునుంచీ ఉన్న పిల్లో కుందేలో ఇంకో కుక్కో, పొద్దున్నే పనులకు వెళ్లక తప్పని మనుషులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఇదే. ఒకరికి రాసిన జవాబు ఇంకొకరికీ పనికొస్తుందని అన్నిటినీ ఒకేచోట ఇస్తున్నాం.

ప్రశ్న: 10 నెలల మగ కుక్కను దత్తత తెచ్చుకుని రెండు వారాలైంది. ఇంట్లో 5 ఏళ్ల పిల్లి ఉంది. మొదట్లో బుసకొట్టినా ఇప్పుడు ఇద్దరూ ఒకే గదిలో పడుకుంటున్నారు. మా సెలవులు అయిపోయాయి. సోమవారం నుంచి ఆరేసి గంటలు ఇంట్లో ఎవరమూ ఉండం. రెండింటినీ కలిపి వదిలి వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. ఒకే గదిలో పడుకుంటున్నాయంటే మంచిదే, కానీ అది మీరు ఎదురుగా ఉన్నప్పటి సంగతి. కుక్క పిల్లివైపు కాస్త ఎక్కువసేపు చూసిందనుకోండి, మీరు దాని పేరు పిలుస్తారు, లేదా కుర్చీలోంచి లేస్తారు, లేదా మధ్యలోంచి నడిచి వెళ్తారు. అలా ఆ చూపు తెగిపోతుంది. రోజుకు ఎన్నిసార్లు ఇలా అడ్డం పడుతున్నారో మీకే తెలియదు. తాళం పడ్డాక అడ్డం పడేవాళ్లు ఉండరు. కాలింగ్ బెల్ మోగుతుంది, పిల్లి ఉలిక్కిపడి అలమారా మీంచి దూకి పరిగెడుతుంది, పరిగెత్తేదాని వెంట పడటం కుక్క పుట్టుకలోనే ఉంది. దానికి కోపం ఉండక్కర్లేదు, ఆటగా మొదలైనా చాలు. 20 కిలోల కుక్క సరదాగా విసిరిన పంజా 4 కిలోల పిల్లికి పెద్ద దెబ్బే. పిల్లి తిరగబడితే దాని గోరు కుక్క నల్లగుడ్డును చీల్చవచ్చు. మూతి అణిగి, కళ్లు బయటికి పొడుచుకొచ్చినట్టుండే జాతులకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

పైగా రెండు వారాలకు కొత్త కుక్క అసలు స్వభావం బయటపడదు. శిక్షకులు ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతుంటారు: మొదటి 3 రోజులు బిక్కుబిక్కుమంటూ ఉంటుంది, 3 వారాలకు ఇంటి పద్ధతులు తెలుస్తాయి, 3 నెలలకు ఇది నా ఇల్లే అన్న ధైర్యం వస్తుంది. ఇది లెక్కే తప్ప శాసనం కాదు. కానీ మొదటి వారాల్లో అణిగిమణిగి ఉన్న కుక్క రెండో నెలలో పిల్లిని తరమడం మొదలుపెట్టడం మాత్రం చాలా ఇళ్లలో జరిగేదే. మీ కుక్కకు పది నెలలు, అంటే సరిగ్గా వచ్చీరాని వయసు. నేర్చుకున్నవి కూడా మరిచిపోయినట్టు ప్రవర్తించే కాలం అది.

కాబట్టి సోమవారం నుంచి రెండు గదులు, మధ్యలో మూసిన తలుపు. కుక్కకు మీరు సాయంత్రాలు కూర్చునే గది ఇవ్వండి. మీ వాసన ఉన్న చోట అది త్వరగా కుదుటపడుతుంది. బాత్రూమ్‌లోనో వరండాలోనో పెట్టి తలుపేస్తే ఒంటరితనానికి శిక్ష కూడా తోడైనట్టు ఉంటుంది. పిల్లి గదిలో లిట్టర్ ట్రే (మలమూత్రాలకు ఇసుక పోసిన పళ్లెం) ఒక మూల, తిండీ నీళ్లూ ఎదురు మూల, ఎక్కి కూర్చోవడానికి ఎత్తైన చోటు, దూరి దాక్కోవడానికి ఒక అట్టపెట్టె ఉండాలి. తలుపు పిడి గుండ్రంగా కాకుండా కిందికి నొక్కేదైతే అదనంగా ఒక గడియ బిగించండి. ఆ పిడిమీద పంజా వేసి తలుపు తెరవడం కుర్ర కుక్కలు తొందరగా పసిగడతాయి, కొన్ని పిల్లులైతే దూకి వేలాడి మరీ తెరుస్తాయి. బేబీ గేట్ ఒక్కటే పెట్టి ధీమాగా ఉండకండి. నడుమెత్తు గేటును చురుకైన కుక్క దూకేస్తుంది. గేటు పనికొచ్చేది మీరు ఇంట్లో ఉండి పరిచయం చేసేటప్పుడు.

ఇక ఆ పరిచయం సంగతి. ఇప్పటికే కలిసి తిరుగుతున్నాయి కాబట్టి మళ్లీ మొదటికి వెళ్లడం మీకు అతిగా అనిపించవచ్చు. అయినా వెళ్లండి. మెత్తని గుడ్డతో పిల్లి బుగ్గల మీద రుద్ది, ఆ గుడ్డను కుక్క తిండిగిన్నె పక్కన పెట్టండి. కుక్క ఒంటి వాసన ఉన్న గుడ్డను పిల్లి గదిలో పెట్టండి. తర్వాత మూసిన తలుపుకు అటూ ఇటూ రెండింటికీ తిండి పెట్టండి. మొదట తలుపుకు రెండు మీటర్ల దూరంలో పెట్టి, రెండూ నిదానంగా తింటుంటే రోజుకు కొంచెం దగ్గరికి జరపండి. మూడో మెట్టు గేటు. కుక్క మెడలో బెల్టు, చేతిలో లీష్ అనే పట్టుతాడు, గేటు అవతల పిల్లి. అయిదు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు చాలు. కుక్క పిల్లిని చూసి తనంతట తానే మీవైపు తల తిప్పిన క్షణంలో చిన్న తాయిలం ఇవ్వండి. ఈ విద్యలో అసలు కిటుకు అదే. పిల్లిని చూడగానే ఇవ్వడం కాదు, చూపు తిప్పుకున్నందుకు ఇవ్వడం. అది కుదిరాక గేటు తీసి, కుక్కను లీష్ మీద ఉంచి, పిల్లిని దాని ఇష్టానికి తిరగనివ్వండి. పిల్లిని ఎత్తుకుని కుక్క ముందుకు మాత్రం తీసుకురాకండి. పారిపోయే దారి లేని పిల్లి మీ చేతినీ మొహాన్నీ చీరుతుంది.

ఏ మెట్టులోనైనా కుక్క నోరు టక్కున మూసి, ఒళ్లు బిగించి, బరువు ముందుకాళ్ల మీదికి తెచ్చి, రెప్ప వేయకుండా చూస్తూ, పేరు పిలిచినా తాయిలం చూపినా పట్టించుకోకపోతే ఆ రోజుకు ఆపి, మర్నాడు అంతకుముందరి మెట్టునుంచి మొదలుపెట్టండి. తోక ఊపుతోంది కదా అని మోసపోవద్దు. నడుం నుంచి ఒళ్లంతా వదులుగా ఊగితే స్నేహం. తోక ఒక్కటే నిటారుగా, బిర్రుగా, చకచకా కదులుతుంటే అది ఉద్రేకం. పిల్లివైపు నుంచి చూడాల్సినవి: నల్లపాప పెద్దదవడం, చెవులు వెనక్కి అతుక్కోవడం, ఒళ్లు నేలకు కరుచుకోవడం, తోక ఉబ్బడం.

కలిపి వదలడం ఎప్పుడంటారా? లీష్ లేకుండా, మీ ఎదుట, కనీసం నాలుగు వారాలు ఒక్కసారి కూడా తరమకుండా ఉండాలి. పిల్లి నేలమీద మామూలుగా నడవాలి, కుక్క ఉన్న గదిలోనే తినాలి, ఒక్కోసారి పరిగెత్తాలి కూడా. అది పరిగెత్తినప్పుడు కుక్క పేరు పిలిస్తే ఆగాలి. ఎప్పుడూ అలమారా మీదే కూర్చునే పిల్లితో గొడవ లేదంటే, వాటికి అసలు పరీక్షే జరగలేదన్నమాట. ఇవన్నీ కుదిరాక మీరు పక్కగదిలో ఉండి కెమెరాలో చూడండి. తర్వాత 5 నిమిషాలు గుమ్మం బయట, ఆపైన 15, 30, గంట. అలా పెంచాక కూడా మీ ఎత్తున పిల్లికి ఒక అల్మరా, కుక్క దూరలేని ఒక గది ఎప్పటికీ ఉండాలి. ఆ గదికి గేటు బిగించి, కింద 15 సెంటీమీటర్ల సందు వదిలితే పిల్లి దూరుతుంది, మధ్యస్థపు కుక్క దూరదు. ఆ గదిలోనే లిట్టర్ ట్రే పెడితే ఇంకో తలనొప్పీ పోతుంది. పిల్లి మలం చాలా కుక్కలకు తాయిలమే, దానితోపాటు పురుగులూ, గడ్డకట్టే ఇసుకా లోపలికి పోతాయి.

కొన్ని కుక్కలు ఏడాదైనా ఈ పరీక్ష నెగ్గవు. అలాంటప్పుడు బయటికి వెళ్లిన ప్రతిసారీ తలుపు వేయడమే జీవితాంతం పద్ధతి. అందులో తప్పేం లేదు.

ప్రశ్న: విడిగా పెట్టమంటారు సరే. మా 7 నెలల ఆడ కుక్కను గదిలో ఉంచి వెళ్తే తలుపు గోకి గోళ్లకు రక్తం తెచ్చుకుంటోంది. ఒకటే ఏడుపట, పక్కింటివాళ్లు చెప్పారు. పిల్లి తోడుంటే తగ్గుతుందేమో కదా?

జవాబు: తగ్గదు. అది ఏడుస్తున్నది మనుషుల కోసం. ఆ స్థితిలో ఉన్న కుక్క పిల్లిని చూసి ఊరట పడకపోగా, ఆ కంగారంతా పిల్లిమీద తీర్చుకునే ప్రమాదం ఉంది. ఒంటరిగా ఉండటం ఒక విద్య, పిల్లితో ఉండటం ఇంకో విద్య. రెండూ ఒకేసారి నేర్పబోతే రెండూ చెడతాయి.

ముందు అది భయమో విసుగో తేల్చుకోండి. పాత ఫోనొకటి కెమెరా ఆన్ చేసి గదిలో పెట్టి వెళ్లండి, మొదటి అరగంట చూస్తే చాలావరకు అర్థమవుతుంది. భయమైతే మీరు వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే మొదలవుతుంది: చొంగ కార్చడం, వగర్చడం, అటూ ఇటూ తిరగడం, గుమ్మం దగ్గరే గోకడం, కొరకడం, ఎంత ఇష్టమైన తాయిలం పెట్టినా ముట్టుకోకపోవడం. విసుగైతే మొదట తాయిలం తినేసి, కాసేపు పడుకుని, తర్వాత లేచి దిండూ చెప్పులూ దొరికినవన్నీ పీకుతుంది. మీరు రాసినదాన్నిబట్టి మీది మొదటి రకం.

అలాంటి కుక్కను కమ్మీల బోను లాంటి క్రేట్‌లో పెట్టి తాళం వేయకండి. కమ్మీలు కొరికి పళ్లు విరగ్గొట్టుకుంటాయి. నేర్పించినన్ని రోజులూ దాన్ని పూర్తిగా ఒంటరిగా వదలకుండా ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోవడమో, తెలిసినవాళ్లింట్లో ఉంచడమో చేయండి. కష్టమే. కానీ రోజూ పది నిమిషాలు నేర్పి, ఆరు గంటలు భయపెడితే నేర్పిందంతా వృథా.

మొదటి పని మీరు బయల్దేరే సూచనలకు అర్థం లేకుండా చేయడం. తాళంచెవి తీసి గలగలలాడించి మళ్లీ కూర్చోండి. చెప్పులేసుకుని వంటింట్లోకి వెళ్లండి. బ్యాగు భుజాన వేసుకుని టీవీ చూడండి. కుక్క తలెత్తి చూడటం కూడా మానేసేదాకా రోజుకు పదిసార్లైనా చేయాలి. రెండో పని తలుపు. బయటికి వెళ్లి తలుపేసి 2 సెకన్లలో లోపలికి రండి, హడావుడి చేయకుండా. అది కదలకుండా ఉంటే 5, తర్వాత 10, మధ్యలో మళ్లీ 3, తర్వాత 20, 8, 30. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే ప్రతిసారీ ముందుకంటే కష్టమని దానికి తెలిసిపోతుంది, అందుకే మధ్యలో తేలికవి కలపాలి. కెమెరాలో వగర్పు గానీ కుయ్‌మనడం గానీ కనబడితే మీరు ఎక్కువ పెంచారన్నమాట, వెనక్కి తగ్గండి. సెకన్లనుంచి అయిదు నిమిషాలకు రావడానికి వారాలు పడుతుంది. అరగంట దాటాక మాత్రం చాలా కుక్కలకు దూకుడుగా పెంచవచ్చు, ఎందుకంటే కష్టమంతా మొదటి అరగంటలోనే.

గోళ్లకు రక్తం వచ్చేంత భయం శిక్షణతో మాత్రమే తగ్గకపోవచ్చు. వెటర్నరీ డాక్టర్‌కు వీడియో చూపించండి. ఫ్లువాక్సెటిన్, క్లోమిప్రమిన్ ఈ రకం భయానికి కుక్కలకు ఇచ్చే మందులు. నాలుగు నుంచి ఆరు వారాలకు గానీ పూర్తి ఫలితం కనబడదు, శిక్షణ ఆపకూడదు. ఊరికే మత్తుగా పడుకోబెట్టే మందు అడగకండి. ఏస్‌ప్రోమజిన్ లాంటివి ఒంటిని కదలనివ్వవు తప్ప లోపలి భయాన్ని తీయవు. మీ మందులపెట్టెలోంచి ఏదో ఒకటి తీసి ఇవ్వడం అసలే వద్దు.

ప్రశ్న: మాది 9 ఏళ్ల ఆడ కుక్క. నెల క్రితం ఏడాది వయసు మగ కుక్కను తెచ్చాం. రోజంతా ఆడుకుంటాయి, ఒకే జాతే కదా, వదిలి వెళ్తే ఏమవుతుంది?

జవాబు: ఏమవుతుందో ఒకటి చెబుతాం, చాలామందికి తెలియనిది. మెడలమీద నోళ్లు పెట్టి ఆడుకునేటప్పుడు ఒకదాని కింది దవడ రెండోదాని బెల్టులో ఇరుక్కుంటుంది. అది భయపడి గింగిర్లు తిరిగేసరికి బెల్టు మెలిపడుతుంది. ఒకదానికి గొంతు బిగుసుకుంటుంది, ఇంకోదానికి దవడ విరుగుతుంది. ఇంట్లో మనిషి ఉంటే కట్టు విప్పుతాడు లేదా కత్తెరతో కోస్తాడు. లేకపోతే అంతా నిమిషాల్లో అయిపోతుంది. అందుకే రెండు కుక్కలు కలిసి ఉన్న ఇంట్లో మీరు గడప దాటేముందు బెల్టులూ హార్నెస్‌లూ తీసేయాలి. తప్పిపోతే ఎలా అనే భయానికి చర్మం కింద అమర్చే గుర్తింపు మైక్రోచిప్ ఉంది. బెల్టు ఉండాలనుకుంటే, గట్టిగా లాగితే తనంతట తెగిపోయేది కొనండి. క్రేట్‌లో పెట్టే కుక్కకూ ఇదే మాట. బెల్టుకున్న బిళ్ల కమ్మీకి తగులుకుంటుంది.

నెల అంటే ఇంకా తొందరే. ఇంకో నెల రెండు గదుల్లో ఉంచి, తర్వాత కెమెరా పెట్టి అరగంటతో మొదలుపెట్టండి. కలిపి ఉంచే రోజున తిండిగిన్నెలు, నమిలే ఎముకలు, కూరిన బొమ్మలు ఏవీ నేలమీద ఉండకూడదు. నీళ్లు మాత్రం రెండు మూడు చోట్ల పెట్టండి. మీ ఎదుట ఎముక పంచుకునే కుక్కలు మీరు లేనప్పుడు పంచుకుంటాయని నమ్మకం లేదు. గొడవలు సాధారణంగా ఇరుకు చోట్ల మొదలవుతాయి: గుమ్మం, సందు, సోఫా మూల, వీధి కనిపించే కిటికీ. కిటికీలోంచి బయటి కుక్కను చూసి రెండూ మొరుగుతూ, దాన్ని అందుకోలేక పక్కదాన్ని కరుస్తాయి. ఆ కిటికీ కింది అద్దాలకు మసక కాగితం అంటించండి.

తొమ్మిదేళ్ల కుక్కకు కీళ్లనొప్పి ఉందేమో ఒకసారి పరీక్ష చేయించండి. కుర్రది మీద పడ్డప్పుడు గుర్రుమంటే ఆ గుర్రు అణచకండి. అది ఇస్తున్న ముందస్తు హెచ్చరిక అదే, దాన్ని తిట్టి మానిపిస్తే తర్వాత నేరుగా కరుస్తుంది.

ప్రశ్న: పంజరంలో కుందేళ్లూ, ఇంకో పంజరంలో రెండు చిలుకలూ ఉన్నాయి. పంజరాలు గట్టివే. కొత్త కుక్క వాటిముందే గంటల తరబడి కూర్చుని చూస్తుంటుంది, ఎంత ప్రేమో!

జవాబు: అది ప్రేమ కాదు. వేటలో కుక్క చేసే పనులకు ఒక వరస ఉంది: గుర్తించడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టడం, చంపడం. గంటల తరబడి కూర్చుని చూడటం అందులో రెండోది.

పంజరం గట్టిదే కావచ్చు, లోపలున్న ప్రాణం గట్టిది కాదు. కుందేలు భయంతోనే చనిపోగలదు. తక్షణం కాకపోయినా తినడం మానేస్తే దాని పేగులు కదలడం ఆగిపోతాయి. 12 గంటలు ఏమీ తినని, పెంటికలు వేయని కుందేలును ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. చిలుకకు కుక్క పన్ను గానీ పిల్లి గోరు గానీ చిన్నగా గీరుకున్నా, వాటి నోటిలోని పాశ్చురెల్లా లాంటి సూక్ష్మజీవులు రక్తంలోకి చేరి ప్రాణం తీస్తాయి. రక్తం కనబడలేదు కదా అని ఊరుకోకుండా అదేరోజు యాంటిబయాటిక్ వేయించాలి.

పక్షులూ కుందేళ్లూ ఉన్న గదికి గడియ ఉన్న తలుపు ఉండాలి, కుక్క ఒంటరిగా ఉన్న వేళ అది మూసే ఉండాలి. ఎంత శిక్షణ ఇచ్చినా ఈ నియమానికి సడలింపు లేదు. స్టాండుకు వేలాడే పంజరమైతే ఆ స్టాండును గోడకు బిగించండి. చేపలతొట్టి ఉన్నవాళ్లు మూత పెట్టి, కరెంటు తీగలు కుక్కకు అందకుండా పైపులోంచి లాగితే చాలు.

ప్రశ్న: కొత్త కుక్కకు గోమార్లు ఉన్నాయని మెడ వెనక వేసే చుక్కలమందు ఇచ్చారు. ఇంట్లో పిల్లీ కుందేలూ ఉన్నాయి. వాటికీ వేయాలా?

జవాబు: వేయకండి, ముందు డబ్బామీద మందు పేరు చదవండి. పర్మెత్రిన్ అని ఉంటే అది పిల్లికి విషం. కుక్కలకు అమ్మే మందులో దాని మోతాదు చాలా ఎక్కువ, పిల్లి కాలేయం దాన్ని విరగ్గొట్టలేదు. పిల్లికి వేయకపోయినా, మందు తడిగా ఉన్న కుక్కను ఒరుసుకుని, తర్వాత ఒళ్లు నాక్కున్నా చాలు. వణుకు, చొంగ, మూర్ఛ కొన్ని గంటల్లో మొదలవుతాయి. అలా అంటుకుందని అనుమానమొస్తే గోరువెచ్చని నీళ్లతో, గిన్నెలు తోమే ద్రవంతో పిల్లి ఒంటిమీది మందు కడిగి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మందు వేసిన కుక్కను మూడు రోజులు పిల్లికి దూరంగా ఉంచాలి. అంత తలనొప్పి ఎందుకంటే, పర్మెత్రిన్ లేనిది రాయమని అడగండి. నోటితో వేసే మాత్రలైతే ఒంటిమీద ఏమీ మిగలదు, కాకపోతే కుక్కకు మూర్ఛల చరిత్ర ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. కుందేలుకు వేయకూడనిది ఫిప్రొనిల్ అనే ఇంకో గోమార్ల మందు.

కొత్త కుక్కనుంచి అంటేవి గోమార్లొక్కటే కావు. దగ్గు రోగానికి కారణమయ్యే బోర్డెటెల్లా పిల్లికీ, కుందేలుకీ సోకుతుంది, గినీ పిగ్‌కు సోకితే నిమోనియా. తామర మనుషులతో సహా అందరికీ పాకుతుంది. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే పార్వో, డిస్టెంపర్ అనే అంటురోగాల భయం. కొత్త కుక్కను మొదటి రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచమనేది ఇందుకే.

ప్రశ్న: కుర్ర కుక్క అసలు ఎన్ని గంటలు ఒంటరిగా ఉండగలదు? వెళ్లేముందు ఏం చేయాలి?

జవాబు: మూత్రం ఆపుకునే లెక్క ఇది: వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు, అదీ గరిష్ఠంగా. 3 నెలల పిల్ల 4 గంటలు ఆపుకోగలదంటే 4 గంటలు వదిలేయమని కాదు, దాన్ని గంటా రెండు గంటలకు మించి వదలకూడదు. ఎదిగిన కుర్ర కుక్కకు 4 గంటలు హాయి, 6 గంటలు ఓర్పు. అంతకుమించితే మధ్యలో ఎవరో వచ్చి బయటికి తిప్పాలి. వచ్చే మనిషికి ఒక వరస కాగితంమీద రాసి తలుపుకు అంటించండి: ముందు కుక్కకు లీష్, బయటికి, తిరిగి తెచ్చి దాని గదిలో పెట్టి గడియ, ఆ తర్వాతే పిల్లి గది తలుపు. ఈ వరస తప్పడంవల్లే మధ్యాహ్నపు ప్రమాదాలు జరుగుతాయి.

వెళ్లేముందు అరగంట నడిపించండి. బంతి విసిరి పరుగులు పెట్టించడంకంటే ఆగి ఆగి వాసన చూడనివ్వడమే దాన్ని ఎక్కువ కుదుటపరుస్తుంది. నడిచి వచ్చాక 15, 20 నిమిషాలు కుదుటపడనిచ్చి అప్పుడు బయల్దేరండి. వగరుస్తున్న కుక్కమీద తలుపేస్తే ఆ ఊపంతా గదిమీద చూపిస్తుంది. లోపల గుల్లగా ఉండే గట్టి రబ్బరు బొమ్మలో రోజూ పెట్టే తిండినే నానబెట్టి కూరి, రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి ఇస్తే పావుగంటనుంచి అరగంట పని. బొమ్మ దాని నోట్లో పూర్తిగా పట్టనంత పెద్దదిగా ఉండాలి. వేరుశెనగ వెన్న పూసేవాళ్లు సీసామీద జైలిటాల్ అని ఉందేమో చూడండి, ఆ తీపి పదార్థం కుక్కల రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి అందకుండా పెట్టాలని చాలామందికి తెలుసు. తెలియనిది చిప్స్ ప్యాకెట్. అడుగున మిగిలిన ముక్కలకోసం తల లోపలికి దూరుస్తుంది, ఊపిరి పీల్చేకొద్దీ ప్లాస్టిక్ మూతికి అతుక్కుపోతుంది, కాలితో లాక్కోవడం రాదు. చెత్తబుట్టకు మూత ఉండాలి, అది కూడా అలమారాలో ఉండాలి.

ప్రశ్న: కుక్క వచ్చినప్పటినుంచి మా మగ పిల్లి మంచం కింద్నుంచి రావడంలేదు, తిండి సరిగా ముట్టడంలేదు, ట్రే బయట తడుపుతోంది. అలిగిందా?

జవాబు: అలక సంగతి తర్వాత. ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టర్‌కు చూపించండి, బొద్దు పిల్లులకు ఉపవాసంవల్ల కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణంమీదికి వస్తుంది. మగపిల్లి మాటిమాటికీ ముక్కుతూ చుక్క కూడా రాకపోతే మూత్రనాళం మూసుకుందని అర్థం, రాత్రైనా సరే అప్పుడే వెళ్లాలి. అవి కావని తేలితే ట్రే చూడండి. పిల్లులు ఎన్నుంటే అంతకు ఒకటెక్కువ ట్రేలు ఉండాలి. పైన మూత, ఒకటే దారి ఉన్న ట్రే అయితే కుక్క కాపుకాసినప్పుడు పిల్లికి తప్పించుకునే దారి ఉండదు. మూత తీసేసి, రెండువైపులా కనబడే చోట, కుక్క రాని గదిలో పెట్టండి.

ప్రశ్న: ఇంటికొచ్చేసరికి తలుపు తెరిచి ఉంది, హాల్లో పిల్లి వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా పడి ఉన్నాయి. కుక్కను గట్టిగా తిట్టాను. తల దించుకుని మూలకు వెళ్లింది. తప్పు చేశానని దానికి తెలిసినట్టేనా?

జవాబు: మీకు కోపమొచ్చిందని తెలిసింది, అంతే. గంట క్రితం జరిగినదానికీ ఇప్పటి తిట్టుకీ అది ముడిపెట్టలేదు. మీరు రావడం, పిల్లి ఉండటం, తిట్లు పడటం, ఈ మూడూ కలిసి దాని మనసులో పడితే పిల్లిమీద ఇంకాస్త చిరాకు పెరుగుతుంది.

తిట్టే బదులు ఆ సమయంలో పిల్లిని వెతకండి. నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, వెనకకాళ్లు ఈడుస్తుంటే, చిగుళ్లు పాలిపోయి ఉంటే వెంటనే ఆసుపత్రికి. బాగానే ఉన్నట్టు కనిపిస్తే వెంట్రుకలకు ఎదురుగా వేళ్లు పోనిస్తూ మెడ, ఛాతీ, నడుం, తోక మొదలు తడమండి. పంటి గాటు పైకి గుండుసూది తలంతే కనబడుతుంది, లోపల చర్మం కింద చాలా లోతుకు దిగి ఉంటుంది. పైన మూసుకుపోయి, రెండు మూడు రోజులకు చీముగడ్డ కడుతుంది. గాటు ఒక్కటి దొరికినా అదేరోజు చూపించాలి. కుక్క కళ్లు కూడా చూడండి. ఒక కన్ను మూసి ఉంచడం, నీరు కారడం పిల్లి గోటి గుర్తులు.

తర్వాత తలుపెలా తెరుచుకుందో కనిపెట్టి గడియ మార్చండి, పరిచయాన్ని మూసిన తలుపు దగ్గరనుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఎప్పుడైనా మీరు వచ్చేసరికి పోట్లాట జరుగుతూనే ఉంటే మధ్యలో చెయ్యి పెట్టకండి. మందపాటి దుప్పటి వాటిమీద పడేయడమో, పెద్ద అట్టనో కుర్చీనో మధ్యలోకి తోయడమో చేసి, ముందు కుక్కను గదిలోకి పంపి తలుపేయండి. ఈ గొడవలో మిమ్మల్ని ఏది కరిచినా, గీరినా, గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, వాటి టీకా పుస్తకాలు చేతపట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.